కాడి లేవకూడదు: పాత ట్రాక్టరును ఫోర్క్‌లిఫ్ట్‌గా మార్చిన ఒక పని

2023 ఫిబ్రవరిలో ఆ ట్రాక్టరు మా షెడ్డుకు వచ్చేసరికి దాని బానెట్టు మీద వేపాకులు రెండంగుళాల మందాన పేరుకుని ఉన్నాయి. మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజను, 35 హార్స్‌పవర్ తరగతి. ఆ ఇంజను తయారైన చెన్నైలోని సెంబియం మా రెడ్‌హిల్స్ షెడ్డుకు ఎంతో దూరం కాదు. సూళ్లూరుపేట దగ్గర పొలాలు దున్ని, చివరి నాలుగేళ్లు చెట్టు కింద నిలబడి, పుట్టిన ఊరికి తిరిగొచ్చిందన్నమాట. యజమాని నాకంటే పదిహేనేళ్లు పెద్ద. పొన్నేరి వెళ్లే దారిలో ఫ్లై యాష్ ఇటుకల యార్డు నడుపుతారు. మా నాన్న గూడూరు నుంచి వచ్చి ఇక్కడ లారీ పట్టీల షాపు పెట్టిన నాటి నుంచి మాకు పరిచయం.

"తమ్ముడూ, దీన్ని ఫోర్క్‌లిఫ్ట్ చేసిపెట్టు. టన్నున్నర లేపితే చాలు" అన్నారు.

ఆయన ఇబ్బంది నిజమైనదే. అత్తిపట్టు థర్మల్ కేంద్రం వైపు నుంచి వచ్చే బూడిదతో ఇటుకలు పోస్తారు. పోసిన ఇటుకను రెండు మూడు వారాలు తడపాలి. అందుకని ఎండాకాలంలో కూడా ఆ నేల బురదగానే ఉంటుంది. వానాకాలం సంగతి ఇక చెప్పనవసరం లేదు. అంతకు ముందు ఏడాది ఆయన ఒక మామూలు ఫోర్క్‌లిఫ్ట్‌ను అద్దెకు తెచ్చారు. గోదాముల సిమెంటు నేల కోసం చేసిన యంత్రం అది. చిన్న గట్టి చక్రాలు, నేలకు జానెడు ఎత్తులో పొట్ట. మూడో రోజుకే ఇరుసు దాకా దిగబడింది. దాన్ని బయటకు లాగింది ఒక ట్రాక్టరు. ఆ సాయంత్రమే ఆయనకు ఈ ఆలోచన వచ్చిందట.

ఆలోచన కొత్తదేమీ కాదు. ఫ్రాన్స్‌లోని అన్సెనీలో మార్సెల్ బ్రో అనే ఆయన సరిగ్గా ఇదే చేశారు. ట్రాక్టరు సీటును వెనక్కి తిప్పి, వెనక ఇరుసు మీద మాస్ట్, అంటే ఫోర్కులు ఎక్కి దిగే నిలువు చట్రం, నిలబెట్టారు. 1958లో ఆ యంత్రం మానిటూ పేరుతో అమ్మకానికి వచ్చింది. ఈనాటి ఎగుడుదిగుడు నేలల ఫోర్క్‌లిఫ్టుల్లో చాలావాటి వంశవృక్షం అక్కడికే చేరుతుంది. పెద్ద చక్రాలు బరువు కిందికి వస్తాయి, తిరిగే చిన్న చక్రాలు వెనక్కి వెళతాయి, ఇంజను ఎదురు బరువు అవుతుంది. కాగితం మీద చూస్తే ట్రాక్టరు ఫోర్క్‌లిఫ్ట్ కావడానికే పుట్టిందా అనిపిస్తుంది.

కాగితం మీద అన్నాను కదా. అందుకే ఏ పనీ మొదలుపెట్టక ముందు దాన్ని కాటాకు తోలించాను.

కాటా చెప్పిన మాట

రైస్ మిల్లు పక్కన ఉన్న వేబ్రిడ్జి మీద మూడు తూకాలు తీశాం. మడ్‌గార్డులు, వెనక లింకులు విప్పేసిన ట్రాక్టరు మొత్తం 1680 కిలోలు. చిన్న చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచితే 640. పెద్ద చక్రాలు మాత్రమే ఉంచితే 1040. రెండు ఇరుసుల మధ్య దూరం టేపు పట్టి కొలిస్తే 1.83 మీటర్లు.

ఎడ్లబండి తోలినవాళ్లకు ఈ లెక్క చెప్పనక్కరలేదు. బండి వెనక బరువు ఎక్కువైతే కాడి గాల్లోకి లేస్తుంది, ఎద్దుల మెడలు ఉరి పడతాయి. ఇక్కడ పెద్ద చక్రాల ఇరుసే బండి ఇరుసు. కాడి ఉండే చోట తిరిగే చిన్న చక్రాలు ఉన్నాయి. ఆ చక్రాలు నేలను వదిలితే స్టీరింగు పోతుంది, ఆ తర్వాత యంత్రం ముక్కు మీద పడుతుంది.

పెద్ద ఇరుసు దగ్గర లెక్క వేద్దాం. చిన్న చక్రాల వైపు 640 కిలోలు, దూరం 1.83 మీటర్లు. గుణిస్తే 1171. ఇది మన పక్షాన ఉన్న బలం. అవతలి పక్షంలో ముందుగా మాస్ట్ ఉంది. ఒక తుక్కు దుకాణంలో దొరికిన 2 టన్నుల ఫోర్క్‌లిఫ్ట్ మాస్ట్, క్యారేజీ, ఫోర్కులు అన్నీ కలిపి 560 కిలోలు తూగాయి. దాని బరువు మధ్యబిందువు ఇరుసుకు 0.55 మీటర్ల ముందు పడుతుంది. అంటే 308. ఇక సరుకు. పెద్ద టైర్లను ప్యాలెట్టు (సరుకు పేర్చే చెక్క పలక) రాసుకోకూడదంటే ఫోర్కుల నిలువు ముఖం ఇరుసుకు కనీసం 0.70 మీటర్ల ముందుండాలి. అక్కడి నుంచి ప్యాలెట్టు మధ్యకు మరో అర మీటరు. మొత్తం 1.20.

1171 లోంచి 308 తీసేస్తే 863. దాన్ని 1.20తో భాగిస్తే 719 కిలోలు. ఆ బరువు దగ్గర ఈ ట్రాక్టరు కాడి లేచిపోతుంది. కదలకుండా, చదును నేల మీద, బ్రేకు ముట్టకుండా నిలబడి ఉన్నప్పటి మాట ఇది. యజమాని అడిగింది 1500.

ఇంట్లో చేసిన ఇలాంటి యంత్రాలు కొన్నింటిని చూశాను. చాలావాటిలో ఈ లెక్క జరగలేదు. "సిలిండరు రెండు టన్నులు లేపుతుంది కాబట్టి ఇది రెండు టన్నుల ఫోర్క్‌లిఫ్ట్" అంటారు. సిలిండరు బలం వేరు, యంత్రం నిలకడ వేరు. హైడ్రాలిక్ నూనెకు ఎంత బరువైనా లేపే ఉత్సాహం ఉంటుంది. నేల మీద నిలబడాల్సిన బాధ్యత దానిది కాదు.

యజమాని దీనికి ఒక ఉపాయం చెప్పారు. "పెద్ద టైర్లలో నీళ్లు నింపుదాం. దమ్ము చేసేటప్పుడు అలాగే చేస్తాం కదా." దమ్ములో చక్రం జారకుండా ఉండటానికి ఆ నీళ్లు పనికొస్తాయి. ఇక్కడ ఆ బరువు నేరుగా ఇరుసు మీదే కూర్చుంటుంది. ఇరుసు నుంచి దూరం సున్నా. సున్నాతో ఎంత గుణించినా సున్నాయే. పక్కకు ఒరగకుండా కొంత సాయం చేస్తుంది గానీ, ముందుకు తిరగబడకుండా ఆపడంలో దానికి పాత్రే లేదు. ఈ మాట ఆయనకు నచ్చలేదు. పలుపు కట్టిన పార కర్రను నేల మీద పెట్టి చూపించాక ఒప్పుకున్నారు.

బరువు ఉండాల్సింది చిన్న చక్రాలకు అవతల. 50 మిల్లీమీటర్ల మందం, మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న మూడు ఇనుప దిమ్మలు తెచ్చాం. మొత్తం 590 కిలోలు. వాటిని రేడియేటరు ముందు, పెద్ద ఇరుసుకు 2.35 మీటర్ల దూరంలో బిగించాం. 590ని 2.35తో గుణిస్తే 1386. మన పక్షం బలం 2557కు పెరిగింది. మాస్ట్ పోగా 2249. కాడి లేచే బరువు ఇప్పుడు 1874 కిలోలు.

"మరి టన్నున్నర లేపుతుంది కదా!" అన్నారు ఆయన, కాగితం నా చేతిలోంచి లాక్కుని.

లేపుతుంది. కానీ 1500 కిలోలతో చిన్న చక్రాల మీద మిగిలేది 245 కిలోలే. మొత్తం 4330 కిలోల యంత్రానికి అది ఆరు శాతం కూడా కాదు. సరుకు రెండున్నర మీటర్ల ఎత్తులో ఉండగా డ్రైవరు ఒక మోస్తరుగా, భూమి ఆకర్షణలో ఐదో వంతు బలంతో బ్రేకు కొట్టాడనుకుందాం. సరుకు ఒక్కటే ముందుకు తోసే బలం 1500ని 0.2తో, మళ్లీ 2.5తో గుణిస్తే 750. మన దగ్గర మిగిలినది 449. కాడి లేస్తుంది. అదే 800 కిలోలతో అయితే మిగులు 1289, తోపు 400. యంత్రం తన సొంత బరువుతో చేసే తోపును కూడా కలిపినా చక్రాలు నేలను వదలవు. చదును నేల మీద చిన్న చక్రాల వాటా 704 కిలోలు, మొత్తంలో దాదాపు ఐదో వంతు.

ఇంకా ఎక్కువ ఇనుము వేలాడదీయవచ్చు కదా అని అడగవచ్చు. సరుకు లేనప్పుడు ఆ బరువంతా చిన్న ఇరుసు మీదే పడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు దాని మీద 1229 కిలోలు. ట్రాక్టరు తయారైననాడు అది మోసినదానికి దాదాపు రెండింతలు. అంతకు మించి వేస్తే ఇరుసు మధ్య పిన్ను, హబ్బు బేరింగులు, కింగ్ పిన్నులు ఒకదాని తర్వాత ఒకటి అరుగుతాయి. సరుకుతో ఉన్నప్పుడు బరువు చాలదు, లేనప్పుడు ఎక్కువవుతుంది. ఈ రెండింటి మధ్య ఇరుకులో దొరికిన అంకె 800. ఒక ప్యాలెట్టు మీద 240 ఇటుకలు, ఒక్కోటి 3.2 కిలోలు, మొత్తం 768. ఆ అంకెకు ఆయన చేత తల ఊపించడానికి నాకు రెండు వారాలు పట్టింది. తల ఊపారే గానీ మనసులో ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది.

క్రౌన్ తిప్పడం

సీటు తిప్పితే దిక్కు మారుతుంది. ట్రాక్టరుకు ఆరు ముందు గేర్లు, రెండు వెనక గేర్లు. సీటు తిప్పగానే ఆరు వెనక్కి, రెండు ముందుకు అవుతాయి. ఆ రెండింటిలో ఒకటి నత్తలాగా, ఇంకోటి అవసరానికి మించి పోతుంది. దీనికి పాత మందు ఒకటి ఉంది. ఇంజను తిరుగుడును రెండు చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌లో క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్లచక్రాన్ని, దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రమైన పినియన్‌కు ఒక పక్క నుంచి రెండో పక్కకు మార్చడం. పినియన్ అదే దిక్కులో తిరుగుతుంది, చక్రాలు మాత్రం ఎదురు దిక్కులో తిరుగుతాయి.

ఇది అన్ని ట్రాక్టర్లలో కుదరదు. పినియన్ మధ్యగీత, క్రౌన్ మధ్యగీత ఒకే మట్టంలో కలిస్తేనే కుదురుతుంది. హైపాయిడ్ పళ్లలో పినియన్ కొంచెం కిందికో పైకో జరిగి ఉంటుంది. దాన్ని అవతలి పక్కకు మారిస్తే పళ్లు కలవవు. మాది మొదటి రకం. బేరింగులు కూర్చునే తావులు మాత్రం రెండు పక్కలా ఒకేలా లేవు. అంబత్తూరులో లేతు మీద రెండు రింగులు తీయించాల్సి వచ్చింది. పళ్లకు నీలం రంగు పూసి, తిప్పి, ముద్ర ఎక్కడ పడుతోందో చూస్తూ షిమ్ములు (పలుచని రేకు రింగులు) వేసి తీసి, పళ్ల మధ్య సందు సరిచేయడానికి రెండు రోజులు గడిచాయి. ఈ పని ఎంత చక్కగా కుదిరిందంటే, తర్వాత దాని గురించి ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మా వృత్తిలో మెచ్చుకోలు అంటే అదే. ఆరు గేర్లలో పైవరుసను మూసేసి, లో వరుసలోని మూడింటినే ఉంచాం. హై లీవరు పడకుండా అడ్డంగా ఒక పలక బోల్టు చేశాం.

మాస్ట్ బిగింపు దగ్గర ఒక్క మాట. ఇరుసును కప్పి ఉండే గొట్టాలు, అంటే ట్రంపెట్లు, పోత ఇనుము. దానికి వెల్డింగు పెట్టే మనిషిని నేను షెడ్డులోకి రానివ్వను. అతుకు నిలిచినట్టే ఉంటుంది, పక్కన వెంట్రుకంత పగులు మొదలవుతుంది, అది ఏ నెలలో బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు. ట్రంపెట్ చుట్టూ మందపాటి ప్లేటుతో పట్టుకునే పట్టాలు చేయించి, ట్రాక్టరుకు ముందే ఉన్న రంధ్రాలను వాడుకుని బోల్టులతో బిగించాం. మాస్ట్ అడుగు వాటి మీద బుష్‌లో కూర్చుంది. ముందుకు వెనక్కి వంచే టిల్ట్ సిలిండర్ల రెండో కొసను గేర్‌బాక్సు మీది ఫ్రేముకు కట్టాం.

స్టీరింగుకు పాత పద్ధతిలో రాడ్లు, కీళ్లు కలపబోయి ఒక రోజు వృథా చేశాను. తర్వాత ఆర్బిట్రాల్, అంటే నూనె ఒత్తిడితో చక్రాలు తిప్పే స్టీరింగు యూనిట్, పెట్టాం. దానికి దిక్కు తెలియదు, హోసులు మాత్రమే తెలుసు. తొలిసారి కుడికి తిప్పితే ఎడమకు పోయింది. రెండు హోసులు మార్చాం, అయిపోయింది. పెడళ్లు అంత సులభంగా లొంగలేదు. మనిషి తిరిగి కూర్చుంటే క్లచ్ కుడికాలికి, బ్రేకులు ఎడమకాలికి వస్తాయి. రేపు ఈ డ్రైవరు సెలవు పెడితే వేరే మనిషి కూర్చుంటాడు. కంగారులో అతని కాలు తనకు అలవాటైన చోటికే పోతుంది. అందుకని అడ్డ షాఫ్టులు వేసి క్లచ్‌ను ఎడమకే తెచ్చాం. ట్రాక్టరుకు కుడి ఎడమ చక్రాల బ్రేకులు విడివిడిగా ఉంటాయి. చాలు మలుపులో అది వరం. సరుకు పైకెత్తి ఉన్నప్పుడు ఒక్క బ్రేకే పడితే యంత్రం బొంగరమవుతుంది. రెండింటినీ ఒకే పెడల్‌కు శాశ్వతంగా కలిపేశాం.

నూనె చేసే పని, చేయకూడని పని

ట్రాక్టరులో సొంత హైడ్రాలిక్ పంపు ఉంది కదా, దాన్నే వాడవచ్చు కదా అనిపిస్తుంది. రెండు కారణాల వల్ల వాడలేదు. మొదటిది, ఇలాంటి సింగిల్ క్లచ్ ట్రాక్టరులో ఆ పంపు క్లచ్ తర్వాత ఉంటుంది. క్లచ్ తొక్కితే పంపు ఆగుతుంది. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు చేసే పనే క్లచ్ సగం తొక్కి అంగుళం అంగుళం జరుపుతూ అదే సమయంలో పైకెత్తడం. రెండోది వేగం. మాస్ట్‌లోని రెండు ర్యాములు (ఎత్తే సిలిండర్లు) ఒక్కొక్కటి 45 మిల్లీమీటర్ల వ్యాసం, మీటరున్నర కదలిక. గొలుసు వల్ల ఫోర్కులు దానికి రెట్టింపు, అంటే 3 మీటర్లు ఎక్కుతాయి. పూర్తిగా ఎత్తడానికి 4.8 లీటర్ల నూనె కావాలి. పాత పంపు నా కొలతలో నిమిషానికి 15 లీటర్లు మాత్రమే ఇచ్చింది. దానితో ఎత్తడానికి 19 సెకన్లు పడుతుంది. రోజుకు రెండు వందల సార్లు ఎత్తే చోట అది భరించలేనిది. క్రాంకు పుల్లీ కొసకు 25 సీసీ గేర్ పంపు ఒకటి కలిపాం. 1500 తిరుగుళ్ల దగ్గర నిమిషానికి 37 లీటర్లు ఇస్తుంది. 8 సెకన్లు చాలు. స్టీరింగుకు నూనె ముందు వెళ్లేలా మధ్యలో ప్రయారిటీ వాల్వు పెట్టాం.

ఇప్పుడు అసలు సంగతి. 800 కిలోల సరుకు లేపడానికి ఆ ర్యాముల్లో 67 బార్ల ఒత్తిడి కావాలి. క్యారేజీ బరువు, గొలుసు చేసే రెట్టింపు అన్నీ కలుపుకునే ఈ లెక్క. ఒత్తిడి హద్దు దాటితే నూనెను వెనక్కి వదిలేసే రిలీఫ్ వాల్వును మేము 85 బార్ల దగ్గర ఆపాం. పంపు అంతకంటే చాలా ఎక్కువ ఇవ్వగలదు. కావాలనే తగ్గించాం. రాపిడి పోను టన్ను దాటిన ప్యాలెట్టును ఈ యంత్రం లేపదు. ఇంజను గుర్రుమంటుంది, వాల్వు ఈలవేస్తుంది, ఫోర్కులు కదలవు. డ్రైవరు తప్పు చేసినా యంత్రం ఒప్పుకోకూడదని నా ఉద్దేశం.

సిలిండరు అడుగునే ఇంకో చిన్న వాల్వు ఉంది. హోసు పగిలితే నూనె ఒక్కసారిగా పరుగెత్తుతుంది, ఆ పరుగుకే అది మూసుకుంటుంది. సరుకు దబ్బున పడదు. ఖర్చు తగ్గించమని నన్ను ఎవరెన్ని విధాల అడిగినా ఇది, తల మీది గ్రిల్లు కప్పు, ఫోర్కుల వెనక జాలీ, సీటు బెల్టు మాత్రం తగ్గించను. మూడు మీటర్ల ఎత్తు నుంచి మూడు కిలోల ఇటుక జారితే ఏమవుతుందో వేరే చెప్పాలా!

చట్టం విషయం క్లుప్తంగా. ఇలా మార్చిన ట్రాక్టరు ఇక రోడ్డు బండి కాదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను అనుమతించదు. ఆవరణలోపల మాత్రమే తిరిగే ప్రత్యేక యంత్రం ఆ చట్టపు నిర్వచనంలోకే రాదు. అందుకని ఆర్‌సీ రద్దు చేయించుకోమని, గేటు దాటించవద్దని రాతపూర్వకంగా ఇచ్చాను. అప్పట్లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ఎత్తే యంత్రాల మీద సురక్షిత బరువు స్పష్టంగా కనిపించాలని, ఏడాదికి ఒకసారైనా అర్హుడైన మనిషి పరీక్షించాలని చెప్పేది. 800 అనే అంకెను అరచేయంత అక్షరాలతో మాస్ట్ మీద తెలుగులో, తమిళంలో రాయించాం. హిందీలో కూడా రాయించమని గుర్తు చేసింది డ్రైవరే. యార్డులో సగం మంది ఒడిశా, బీహార్ల నుంచి వచ్చినవాళ్లు.

మొదటి నెలల్లో బయటపడినవి

మే నెలలో ఇంజను కాగింది. తప్పు నాదే. మూడు దిమ్మలను ఒకదానికి ఒకటి అంటించి రేడియేటరుకు గోడ కట్టినట్టు నిలబెట్టాను. బరువు లెక్కల్లో మునిగి, ఫ్యాను గాలి పీల్చేది అటునుంచేనని మరిచిపోయాను. దిమ్మల మధ్య ఖాళీలు వదిలి, పైవరుసను కిందికి దించి, మళ్లీ దూరాలు కొలిచి లెక్క సరిచూశాం. అప్పటి నుంచి ముల్లు మధ్యలోనే నిలుస్తోంది.

మొదటి వారంలోనే దిమ్మల కొస ఒక ఇటుకల వరుసను కూల్చింది. ట్రాక్టరు డ్రైవరుకు ముందు చక్రాలు తిరగడం అలవాటు. ఇక్కడ వెనకవి తిరుగుతాయి, వాటికి అవతల ఇనుము అర మీటరు పొడుచుకు వచ్చింది. కుడికి తిరిగితే తోక ఎడమకు విసురుతుంది. దీనికి మందు లేదు, అలవాటే. ఖాళీ ప్యాలెట్లను వరుసగా నిలబెట్టి మూడు రోజులు వాటి మధ్య తిప్పించాం.

టైర్ల గాలి గురించి మాత్రం నేను ముందుగా ఆలోచించలేదని ఒప్పుకోవాలి. దుక్కిలో ఒక పక్క టైరు కొంచెం మెత్తగా ఉంటే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఒక పక్క 2 సెంటీమీటర్లు కుంగితే, 1.4 మీటర్ల చక్రాల వెడల్పు మీద, మూడు మీటర్ల ఎత్తున ఫోర్కులు 4 సెంటీమీటర్లకు పైగా పక్కకు పోతాయి. ప్యాలెట్టు మీద ప్యాలెట్టు పెట్టేటప్పుడు అది చాలా ఎక్కువ. ఎక్కువ ప్లైల టైర్లు వేసి, ప్రతి ఉదయం గేజీ పట్టి రెండు పక్కలా ఒకే గాలి ఉందో లేదో చూడాలని నియమం పెట్టాం. చిన్న చక్రాలకు 6.00-16 తీసేసి 7.50-16 వేశాం.

సెప్టెంబరులో ఆ ఫోన్ వచ్చింది.

యార్డు సూపర్‌వైజరుకు 240 ఇటుకల ప్యాలెట్లు నచ్చలేదు. లారీకి ఎక్కువ ట్రిప్పులు పడుతున్నాయని లెక్క తీశాడు. ఒక ఆదివారం బయటి మెకానిక్కును పిలిపించి రిలీఫ్ వాల్వు స్క్రూ బిగించాడు. ప్యాలెట్టుకు 400 ఇటుకలు పేర్చారు. 1280 కిలోలు. యంత్రం చక్కగా లేపింది. రెండు రోజులు ఏమీ కాలేదు. ఇలాంటి పనుల్లో భయపడాల్సింది ఆ ఏమీ కాని రెండు రోజులకే. మూడో రోజు లారీ వైపు ఉన్న చిన్న వాలు మీద, సరుకును ముందు పెట్టుకుని కిందికి దిగుతూ డ్రైవరు బ్రేకు తొక్కాడు. చిన్న చక్రాలు జానెడు లేచాయి. ఫోర్కుల కొసలు నేలను గుద్దుకుని అక్కడే ఆగాయి కాబట్టి సరిపోయింది. ఇటుకలన్నీ ముందుకు ఒలికిపోయాయి. డ్రైవరు బెల్టు పెట్టుకుని ఉన్నాడు, దూకలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

నేను వెళ్లి కొలిస్తే వాల్వు 120 బార్ల దగ్గర ఉంది. వాలు మీద సరుకుతో దిగాల్సి వస్తే వెనక్కి నడుపుతూ దిగాలని, సరుకు ఎప్పుడూ ఎగువ వైపే ఉండాలని డ్రైవరుకు ముందే చెప్పి ఉన్నాను. అతను విన్నాడు కూడా. ఆ రోజు లారీ అడ్డంగా ఉండటంతో తిప్పే చోటు దొరకలేదట. యజమాని ఏమీ మాట్లాడలేదు. ఒలికిన ఇటుకల వైపు చూసి, "కాడి లేచింది" అన్నారు. అదే సాయంత్రం వాల్వును మళ్లీ 85కు దించి, స్క్రూ మీద టోపీ బిగించి, రంధ్రం గుండా తీగ వేసి సీసం ముద్ర కొట్టాం. విద్యుత్ మీటరుకు ఉంటుందే, అలాంటిది. తెంపాలనుకుంటే కత్తెర చాలు. కానీ తెంపితే తెలుస్తుంది. మొదటి రోజే ఇది చేసి ఉండాల్సింది. అంకె రాసిన పలక చాలనుకున్నాను.

ఫోర్కులను విప్పి మడమ దగ్గర, అంటే వంపులో, పగుళ్ల కోసం రంగు పరీక్ష చేయించాం. ఏమీ లేదు. ఉంటే పారేయడమే. ఫోర్కుకు వెల్డింగు పెట్టరు. మడమ మందం పదో వంతు అరిగినా తీసేయాలి. గొలుసు అసలు పొడవు కంటే 3 శాతం సాగితే దానికీ అంతే. ఈ రెండూ ఆరు నెలలకు ఒకసారి కొలిచి పుస్తకంలో రాస్తున్నాం.

తుపాను తర్వాత

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చింది. చెన్నై ఉత్తరం వైపు ఎలా మునిగిందో ఇక్కడివాళ్లకు గుర్తుండే ఉంటుంది. యార్డులో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నీరు తీశాక మిగిలింది బూడిద కలిసిన బురద, అడుగు పెడితే చెప్పు ఊడేది. లారీలు గేటు దగ్గరే ఆగిపోయాయి. ఈ యంత్రం 28 అంగుళాల చక్రాలతో దున్నుకుంటూ ప్యాలెట్లను గేటు దాకా మోసింది, 240 ఇటుకల చొప్పున. పని తిరిగి మొదలైన మొదటి వారంలో చుట్టుపక్కల యార్డుల్లో సరుకు పంపగలిగింది ఈయనొక్కరే. ఆ వారం ఆయన టన్నున్నర మాట ఎత్తలేదు.

ట్రాక్టరు విలువ కలపకుండా మొత్తం ఖర్చు 3 లక్షల 60 వేలు, ఏడు వారాల పని. కొత్త డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్‌తో పోలిస్తే చాలా తక్కువ. అయినా సిమెంటు నేల ఉన్నవాళ్లు ఎవరైనా ఇలాంటిది చేయమని వస్తే, వాడిన ఫోర్క్‌లిఫ్ట్ ఒకటి కొనుక్కోమని పంపించేస్తాను. తిరిగే చోటు ఎక్కువ కావాలి, ముందు చూపు తక్కువ, శబ్దం చెప్పనక్కరలేదు. బురద ఉన్నచోటే దీనికి బతుకు.

తేలని విషయం ఒకటి మిగిలింది. చిన్న ఇరుసు మధ్య పిన్ను బుష్ ఏడెనిమిది నెలలకే అరిగిపోతోంది. ట్రాక్టరుగా ఉన్నప్పుడు ఏళ్ల తరబడి నిలిచిన వస్తువు అది. 1229 కిలోలు రోజంతా, పైగా బూడిద దుమ్ము. గ్రీజు రోజూ కొట్టిస్తున్నాం. ఇప్పటికి రెండుసార్లు కంచు బుష్ వేశాం. మూడోసారి పొడవు పెంచి, రెండు వైపులా దుమ్ము సీళ్లు పెట్టించాను. పోయిన నెల జాకీ మీద ఎత్తి ఊపి చూస్తే ఇంకా బిగువుగానే ఉంది. ఏడో నెల దాటనివ్వాలి.